ఒక్క మాటకు ఒక్క అర్థమా?

మన పిల్లల ఇంగ్లీషు నోటుపుస్తకమును తెరచి చూచిన తల్లిదండ్రులకు ఒక దృశ్యము కానవచ్చును. పుట నడుమ నిలువుగా ఒక గీత. ఎడమప్రక్క ఇంగ్లీషు మాట, కుడిప్రక్క దాని తెలుగు అర్థము. బుక్కు అనగా పుస్తకము. ట్రీ అనగా చెట్టు. లైను అనగా గీత. ఇట్లు పుట తరువాత పుట నిండియుండును. పరీక్షకు ముందటి రాత్రి పిల్లవాడు దానినంతయు బిగ్గరగా వల్లెవేయును. తండ్రి అరుగుమీదనుండి విని, “మావాడు బాగుగనే చదువుచున్నాడు” అని సంతసించును. ఆ సంతోషమును చెరుపుట మాకు ఇష్టము లేదు. కాని పుట నడుమనున్న ఆ నిలువుగీతయే మన పిల్లల ఇంగ్లీషునకు అడ్డుగోడ యగుచున్నదని చెప్పక తప్పదు.

ఒకనాడు తరగతిలో జరిగిన సంగతి చెప్పెదము. రేషను దుకాణమువద్ద జనము పెద్ద వరుసలో నిలిచియున్నారను ఇంగ్లీషు వాక్యమును తెలుగు చేయుమని ఇచ్చితిమి. అందు వరుసకు ‘లైను’ అను మాట వాడబడినది. ఒక పిల్లవాడు “రేషను దుకాణమువద్ద పొడవైన గీత యున్నది” అని వ్రాసెను. తరగతి యంతయు నవ్వినది. వాడు తలవంచుకొనెను. మా దృష్టిలో తప్పు వానిది కాదు. మేము నేర్పిన అర్థమునే వాడు వ్రాసెను. వింత యేమనగా, ఆ పిల్లవానినే సాయంకాలము పిలిచి “ఉదయము బడికి ఆలస్యమేల యైనది?” అని అడిగినచో, “రేషను లైనులో నిలుచుంటిని సార్” అని తడుముకొనక చెప్పియుండును. నోటిలో నున్న జ్ఞానము నోటుపుస్తకములోనికి రాలేదు. ఇదియే మేము ఈ పుటలలో చర్చింపదలచిన విషయము.

‘లైను’ అను ఈ ఒక్క మాటను పట్టుకొని మన గబ్బూరులో ఒక దినము తిరిగి చూతము. తెల్లవారి కరెంటు పోయినచో “లైను తెగినది” అందుము. దానిని బాగుచేయ వచ్చువాడు లైన్‌మన్. ఇచ్చట లైను అనగా తీగ. రాయచూరు స్టేషనుకు పోయినచో లైను అనగా రైలు దారి. దర్జీవానివద్ద రవికకు లైనింగు వేయించుదురు. అది గీతయు కాదు, తీగయు కాదు, లోపలి గుడ్డ. నారాయణపురము కుడికాలువ నీరు పారు మన దేవదుర్గము తాలూకాలో కాలువకు లైనింగు అన్న మాట రైతులందరకును తెలిసినదే. అచ్చట అది గట్టు లోపలి సిమెంటు పొర. పాఠశాలలో డ్రిల్లు మాస్టరు “లైనులో నిలువుడు” అనును. లెక్కల మాస్టరు నల్లబల్లపై లైను గీయును. దరఖాస్తును ‘ఆన్‌లైను’లో పెట్టవలెనని కార్యాలయమువారు చెప్పుదురు. ఆపదలోనున్న పిల్లలు 1098 అను సంఖ్యకు ఫోను చేయవచ్చునని గోడపై వ్రాసియుండును. దానికి మొన్నమొన్నటి వరకు చైల్డ్‌లైను అని పేరుండెడిది. ఉదయమునుండి సాయంకాలము వరకు ఇన్ని లైనులను దాటి వచ్చిన బిడ్డకు, ‘లైను అనగా గీత’ అని ఒక్క ముక్కతో సరిపుచ్చుట న్యాయమా?

ఇన్ని అర్థములు ఒక్క మాటకు ఎట్లు వచ్చినవి? దీనికి మూలము ఒక పంటలో నున్నది. అవిసె జాతి మొక్క నారకు లాటిను భాషలో ‘లీనుమ్’ అని పేరు. ఆ నారతో పేనిన దారము ‘లీనెయా’. దారమును లాగి పట్టిన తిన్ననైన జాడ ఏర్పడును, అదియే గీత. జాడ వెంబడి మనుష్యులు నిలిచిన వరుస. అక్షరములు నిలిచినచో పంక్తి. ఇనుప పట్టాలు పరచినచో రైలు దారి. రాగితీగ లాగినచో టెలిఫోను. ఆ నారతోనే నేసిన వస్త్రము ‘లినెన్’. ఆ వస్త్రమును ఉడుపుల లోపల వేసి కుట్టుట ‘లైనింగు’. దర్జీ లైనింగును, కాలువ లైనింగును, కరెంటు లైనును మూలమున ఒకే మొక్క పిల్లలు. ప్రత్తి పండించు సీమ మనది. గింజ విడిచిన దూది నూలై, పోగై, గుడ్డయై ఎన్ని పేర్లు మార్చుకొనునో మన బిడ్డలకు వేరుగ చెప్పవలసిన పని లేదు.

ఇది ఇంగ్లీషువారి సొత్తు మాత్రమే యనుకొనరాదు. మన ‘సూత్రము’ను చూడుడు. సూత్రమనగా దారము. వధువు మెడలో మంగళసూత్రము, గణితములో గణితసూత్రము, వ్యాకరణములో పాణిని సూత్రము, రంగస్థలముమీద సూత్రధారుడు. మంగళసూత్రమునకును గణితసూత్రమునకును పోలిక యేమని మన పిల్లవాడు ఎన్నడును తికమకపడలేదు. ఏల? ‘సూత్రము’ అను మాటను వాడు ఒంటరిగా నేర్వలేదు. దాని తోడివారితో కలిపి నేర్చినాడు. ‘తీగ’ యనగా మల్లెతీగ, వీణతీగ, కరెంటుతీగ. తీగ లాగిన డొంక కదలును. ‘వరుస’ యనగా చెట్ల వరుస, మాటల వరుస, చుట్టరికపు వరుస. ఆరు నెలలు సావాసము చేసినచో వారు వీరగుదురని మన పెద్దలు మనుష్యులను గూర్చి చెప్పినది మాటల విషయములో ఇంకను నిజము.

ఈ సంగతిని విద్వాంసులును గుర్తించిరి. ఒకప్పుడు లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయములో ఇంగ్లీషు ఆచార్యుడుగా 1928 వరకు పనిచేసి, తరువాత లండనులో భాషాశాస్త్రమును బోధించిన జె. ఆర్. ఫర్త్ అను పండితుడు, మాట యొక్క అర్థమును దాని సహవాసమునుబట్టి తెలిసికొనవలెనని 1957లో వ్రాసెను. అంతకు ముందే జపాను పిల్లలకు ఇంగ్లీషు నేర్పుటలో చిక్కులు చూచిన హెరాల్డ్ పామరు, ఒంటి మాటలకంటె జంటమాటలనే పోగుచేయవలెనని తలచి 1933లో టోకియోలో అట్టి పదబంధముల నివేదికను వెలువరించెను. ఆయనతో పనిచేసిన ఎ. ఎస్. హార్న్‌బీ సిద్ధపరచిన నిఘంటువు 1942లో ఆ నగరముననే అచ్చుపడినది. నేడు మన విద్యార్థులు వాడు ఆక్స్‌ఫర్డువారి అభ్యాసక నిఘంటువునకు మూలము అదియే. ఇంగ్లీషు పుట్టుభాష కాని పిల్లలకొరకే ఆ నిఘంటువు పుట్టినదను మాట మన పిల్లలు జ్ఞాపకముంచుకొనవలెను. తడబాటు మన ఒక్కరిదే కాదు.

పోనీ, మన భాష నేర్వవచ్చిన ఇంగ్లీషువారి పాటు చూతము. చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడినది. మన ‘పెట్టు’ అను క్రియ అట్టి పరదేశీయునకు ఎంత చిక్కు తెచ్చిపెట్టునో ఊహింపుడు. దండము పెట్టుట, అన్నము పెట్టుట, పేరు పెట్టుట, ముహూర్తము పెట్టుట, కన్నము పెట్టుట! దండము పెట్టువాడు భక్తుడు, కన్నము పెట్టువాడు దొంగ. క్రియ ఒక్కటే, తోడు వేరు. ఒక్క ఇంగ్లీషు మాటను ఎదుట వ్రాసికొని వల్లించినచో బ్రౌను దొరకైనను తెలుగు వచ్చియుండెడిది కాదు. మాటలను వాటి వాడుకలతో పోగుచేసెను గనుకనే ఆయన గ్రంథము నేటికిని నిలిచియున్నది.

ఇక ఈ పొత్తులు కుదురు పద్ధతిని కొంచెము పరికింతము. మొదటి నియమము సులభము. ఇంగ్లీషు జంటమాటలో సాధారణముగా చివరి మాటయే పెద్ద. ముందరి మాట దానికి విశేషణము. ‘రైల్వే లైను’ ఒక లైను; ‘లైన్‌మన్’ ఒక మనిషి. ఇది మన తత్పురుష సమాసముల పద్ధతియే. పాలకుండ యనగా కుండ. కుండపాలు అనగా పాలు. మాటల స్థానము మారినచో వస్తువే మారును. ఈ తేడా తెలిసిన తెలుగు పిల్లవానికి ఇంగ్లీషు జంటమాటలలో సగము వ్యాకరణము వచ్చినట్లే.

రెండవ సంగతి మరి కొంచెము కష్టము. కొన్ని జంటలను విడదీసినచో అర్థము చిక్కదు. ‘డెడ్‌లైను’ అనగా చచ్చిన గీత కాదు. పని ముగింపవలసిన గడువు. అమెరికా అంతర్యుద్ధ కాలమున, 1864లో, జార్జియా రాష్ట్రపు ఆండర్సన్‌విల్ చెరసాలలో ఖైదీలు దాటరాని ఒక హద్దు ఏర్పరచిరి. దానిని దాటినవానిని కావలివాడు కాల్చివేయును. అదియే మొదటి డెడ్‌లైను. తరువాతి కాలమున పత్రికా కార్యాలయములలో అది గడువునకు పేరైనది. నేడు దరఖాస్తు గడువు దాటినచో ప్రాణము పోదు గాని, పేదపిల్లకు ఒక సంవత్సరపు ఉపకారవేతనము పోవచ్చును. ఆ మాటలోని వాడి ఇంకను పూర్తిగా మొద్దువారలేదు. ‘హెడ్‌లైను’ అనగా తల గీత కాదు, వార్తకు పైన నుంచు శీర్షిక. ఇట్టివి మనకును కలవు. కడుపుమంట యనగా అసూయ. నీళ్ళు పోసిన ఆరునది కాదు. చేతివాటమనగా దొంగతనము, దానికి వైద్యుడు మందు వేయడు. అట్టివానిని ముక్కలు చేయక ఒక్క మాటగనే నేర్వవలెను.

మూడవది, నామము తనకు తగిన క్రియను తానే ఎన్నుకొనును. గీతయైనప్పుడు లైనును గీయుదురు. వరుసయైనప్పుడు అందు నిలుచుందురు. హద్దుయైనప్పుడు దానిని దాటుదురు. తీగయైనప్పుడు లాగుదురు, తెంపుదురు. కావున పిల్లవాడు నేర్వవలసినది లైను అను మాటను మాత్రమే కాదు. దానితో ఏ క్రియ పొసగునో కూడ నేర్వవలెను. ఇంగ్లీషు వ్రాతలో మన పిల్లలు చేయు తప్పులను గమనించినచో, మాట తెలియక చేసినవి కొన్నియే. మాటకు తోడు తెలియక చేసినవే హెచ్చు.

ఇప్పుడు తల్లిదండ్రుల మనస్సులోని సందేహమునకు వచ్చెదము. “తెలుగు మాధ్యమములో చదివి, కన్నడ రాజ్యములో నివసించి, ఇంగ్లీషు ఎప్పుడు నేర్చును? మూడు భాషల బరువు మోయలేక మూడింటను వెనుకబడునేమో” అని వారు మమ్ము అడుగుచుందురు. ఈ భయము అకారణమని మేము అనము. 2015 నాటి కన్నడ భాషాభ్యసన చట్టము ప్రకారము ఈ రాష్ట్రపు పాఠశాలలలో కన్నడము తప్పక నేర్పవలెను. అది న్యాయమే, ఉన్న ఊరి భాష రానివాడు ఉన్న ఊరికి పరాయివాడగును. చిన్న తరగతులలో మాతృభాషలో చదువు చెప్పు ఏర్పాటు చేయవలెనని రాజ్యాంగపు 350-ఎ అధికరణము చెప్పుచున్నది. 1956లో ఏడవ సవరణతో అది చేరినది. మన రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రమును విడిచి నాటి మైసూరు రాష్ట్రములో చేరినదియు ఆ సంవత్సరముననే. ఎల్లలు మారినవి, ఇండ్లలోని మాట మారలేదు. అందుచేత మూడు భాషలు మన పిల్లలకు తప్పవు. అవి బరువా, బలమా అన్నది మనము నేర్పు తీరునుబట్టి యుండును.

మరల లైనునే తీసికొందము. మనకు నాగటి చాలు కలదు. పల్లెలో కొందరు సాలు అందురు. కన్నడములో ‘సాలు’ అనగా నాగటి చాలు మాత్రమే కాదు. మనుష్యుల వరుసయు సాలే, పద్యములోని పంక్తియు సాలే. బాటప్రక్క మఱ్ఱిచెట్లు పెంచి 2019లో పద్మశ్రీ పొందిన తిమ్మక్కను ‘సాలుమరద’ తిమ్మక్క యనుట ఆ చెట్ల వరుసనుబట్టియే. కాని కాగితముపై గీచిన గీతను కన్నడమువారు సాలు అనరు, ‘గెరె’ అందురు. కరెంటు తీగ ‘తంతి’. మన బజారులో వినవచ్చు ఉర్దూలో గీత ‘లకీరు’, వరుస ‘ఖతారు’, తీగ ‘తార్’. ఒక్క ఇంగ్లీషు మాట చూపు లోకమును తెలుగు ఒక తీరుగ, కన్నడము ఒక తీరుగ, ఉర్దూ మరొక తీరుగ పంచుకొన్నవి. ఒకే భాష తెలిసిన బిడ్డ మాటకును వస్తువునకును విడదీయరాని ముడి కలదనుకొనును. మన బిడ్డకు అట్టి భ్రమ చిన్ననాడే తొలగును. ఈ తెలివిని తరగతిలోనికి రానీయక, వాకిటనే చెప్పులతోపాటు విడిచి రమ్మనుటయే మనము చేయుచున్న పొరపాటు.

మన ఊరు సాక్ష్యముగ ఇంకొక మాట. గబ్బూరులో కల్యాణి చాళుక్యుల కాలపు గుళ్ళును శాసనములును కలవు. శాసనమును చదువు పండితుడు ఏ పంక్తిలో ఏమున్నదో లెక్కపెట్టి చెప్పును. ఆ పంక్తియు ఇంగ్లీషులో లైనే. రాయచూరు వద్ద మద్రాసువైపునుండి వచ్చిన రైలు లైనును, బొంబాయివైపునుండి వచ్చిన లైనును 1871లో కలిసికొన్నవి. శక్తినగరములోని థర్మలు విద్యుత్కేంద్రము 1985లో పని ప్రారంభించినది. 2013 డిసెంబరు 31వ తేదీన రాయచూరు–షోలాపురముల నడుమ 765 కిలోవోల్టుల లైను కలుపబడుటతో దక్షిణదేశపు విద్యుజ్జాలము తక్కిన దేశపు జాలముతో ఒక్కటైనది. శాసనపు పంక్తి, రైలు దారి, విద్యుత్తు తీగ, ఈ మూడు లైనులును మన జిల్లా మీదుగనే పోవుచున్నవి. ఇంతకంటె మంచి పాఠ్యపుస్తకము మన పిల్లలకు ఎచ్చట దొరకును?

మాటలలో మనవారి కన్నీరును కలదు. ఫిజీ దీవుల చెరకుతోటలకు ఒప్పందపు కూలీలుగా పోయిన దక్షిణ భారతీయులలో తెలుగువారును ఉండిరి. వీరి ప్రయాణము 1903లో ప్రారంభమైనది. వారిని ఉంచిన ఇరుకు గదుల బారులకు ‘కూలీ లైన్సు’ అని పేరు. అచ్చట లైను అనగా ఒకే కప్పు క్రింద పలు కుటుంబములు గడిపిన దైన్యము. ఇంతకంటె దగ్గరగా, తుంగభద్ర ఆయకట్టు క్రింద సింధనూరు, మాన్వి ప్రాంతములకు వచ్చి స్థిరపడిన ఆంధ్ర రైతుల పల్లెలకు ‘క్యాంపు’ అని పేరు. నిఘంటువులో క్యాంపు అనగా తాత్కాలికపు మజిలీ. ఇచ్చట తరములు గడచినవి, గుళ్ళు కట్టిరి, బళ్ళు వెలసినవి. పేరు మాత్రము క్యాంపే. ఆ పల్లెలో పుట్టిన బిడ్డకు ‘క్యాంపు అనగా గుడారము’ అని చెప్పినచో వాడు మనలను నమ్మునా? తన ఊరిని తాను వదలుకొనునా? అర్థములను పూర్తిగా చెప్పుట పరీక్షకొరకు మాత్రమే కాదు. బిడ్డ తన అనుభవమును అబద్ధమనుకొనకుండ కాపాడుటకును.

ఎదురు వాదమును మేము ఎరుగుదుము. ఉపాధ్యాయునకు పాఠములు ముగించు తొందర యున్నది. పరీక్షలో అడుగునది తరచుగా ఒక్క అర్థమే. నిజమే. మేము అన్ని మాటలకును ఇట్లు చేయుమనుట లేదు. కుర్చీకి, కుక్కకు ఒక్క అర్థము చాలును. కాని లైను, హెడ్, హౌస్, హ్యాండ్, టైము వంటి నిత్యపు మాటలు కొన్నియే. పొత్తులు కూర్చుటలో ముందుండునవియు అవియే. వారమునకు ఒక్క మాటను తీసికొన్నను ఏడాదిలో ముప్పది నలుబది మాటలు తోడుతో సహా వశమగును.

చేయవలసినది పెద్ద పని కాదు. నోటుపుస్తకపు నిలువుగీతను చెరిపివేసి, మాటను పుట నడుమ వ్రాయుడు. దాని చుట్టును అది కూడు జంటలను వ్రాయుడు. ప్రతి జంట క్రింద తెలుగు మాట, దాని క్రింద కన్నడపు మాట చేర్చుడు. గీతయా, తీగయా, వరుసయా, పంక్తియా అని విడదీసి చూపుడు. పిదప ఆ జంటతో మన ఊరి సంగతి ఒక వాక్యము కూర్పుడు.

తల్లిదండ్రులకు మా మనవి వేరుగ నున్నది. “మాకు ఇంగ్లీషు రాదు, మేమేమి సాయము చేయగలము?” అని మీరు వెనుకకు తగ్గుచున్నారు. ఈ పనిలో మీరే గురువులు. బట్టలారవేయు దండెమును, చేపలవాని గాలపు త్రాడును, నాగటి చాలును, తాపీమేస్త్రీ గోడ తిన్నదనము చూచుటకు వ్రేలాడగట్టు దారమును బిడ్డకు చూపి “దీనిని మనమేమందుము?” అని అడుగుడు. వీనిలో పలువానికి ఇంగ్లీషులో లైనే పేరని మేము తరగతిలో చెప్పెదము. మీరు తెలుగు మాట నిచ్చినగాని మేము ఇంగ్లీషు మాటను నాటలేము. మంచి తెలుగు వచ్చిన బిడ్డకు ఇంగ్లీషు అడ్డుకాదు. తెలుగు కొరవడిన బిడ్డకే ఏ భాషయైనను గోడయగును.

విద్యార్థులారా! రేపు మీరు రేషను దుకాణమువద్ద నిలిచినప్పుడు ఆ వరుసను ఒకసారి ముందు వెనుకలు చూడుడు. పైన తీగ, ప్రక్కన బాట, చేతిలోని కార్డుపై పంక్తులు. నవ్వులపాలైన ఆ మిత్రుడు తెలియనివాడు కాడు; తెలిసినదానిని వ్రాయవచ్చునని వానికి ఎవరును చెప్పలేదు. ఈ మాసమునుండి చెప్పుచున్నాము.